తరవాణిని నీళ్ళనరు

నేను రిటైరైన రోజున మా డయాలసిస్ యూనిట్‌లో కేకు కోసి శాలువా కప్పారు. డాక్టరుగారు హిందీలో నాలుగు మంచి మాటలు చెప్పారు. "మేడమ్ లేకపోతే మన తెలుగు పేషెంట్ల గోడు మనకి అర్థమయ్యేదే కాదు. ఇన్నేళ్ళూ ఈమే మనకి నాలుక" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ శాలువాని బీరువా అడుగు అరలో పడేశాను. రెండేళ్ళయింది, ఇంతవరకు మడత విప్పలేదు.

ఎందుకో చెబుతాను. ఇప్పుడు మెషీన్ల దగ్గర నిలబడుతున్న పిల్లలు చదువుతారనే ఇది రాస్తున్నాను. నీతులు చెప్పడానికి కాదు. ఆ అర్హత నాకు లేదని చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది శ్రీకాకుళం వైపు. నాన్నకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం రావడంతో చంటిపిల్లగా భిలాయి వచ్చి, సెక్టర్ 7 క్వార్టర్‌లో పెరిగాను. మా వంటింటి తలుపు వెనక ఒక కుండ ఉండేది, తరవాణి కుండ. రాత్రి మిగిలిన అన్నంలో గంజి, నీళ్ళు పోసి ఉంచితే పొద్దుటికి పులుస్తుంది. అందులో ఉప్పు వేసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ నాన్న రెండు గిన్నెలు లాగించి ఫస్ట్ షిఫ్ట్‌కి వెళ్ళేవాడు. నేనూ తినేదాన్ని, ఇష్టంగానే. ఒకసారి నా స్కూలు స్నేహితురాళ్ళు ఇంటికొచ్చి, ముక్కు మూసుకుని, "ఆంటీ క్యా సడా రహీ హైఁ?" అన్నారు. మీ అమ్మ ఏం కుళ్ళబెడుతోంది అని. ఆ రోజునుంచి ఎవరొస్తున్నారన్నా ముందు పరిగెత్తుకెళ్ళి ఆ కుండ మీద పీట బోర్లించేదాన్ని. పదో తరగతికొచ్చేసరికి తినడమే మానేశాను. "దొరసానివైపోనావే" అనేది అమ్మ. అయిపోయాను, నిజమే.

ఇక యూనిట్ సంగతి. కిడ్నీలు పనిచేయని మనిషికి ఒంట్లో చేరిన నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, మెషీనే ఆ నీళ్ళు లాగాలి. రాగానే తూకం వేస్తాం, వెళ్ళేముందు మళ్ళీ వేస్తాం. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగిన బరువంతా నీళ్ళే. రెండు కిలోలు పెరిగితే ఫరవాలేదు. నాలుగు దాటితే గుండె మీద భారం. అన్ని నీళ్ళు ఒక్కసారి లాగితే పిక్కలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది, మనిషి గిలగిల్లాడతాడు. అందుకే నీళ్ళు కొలిచి తాగమని చెబుతాం. "మనిషి అబద్ధం ఆడతాడు గానీ తూకం ఆడదు" అని కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెప్పేదాన్ని.

నేను చెప్పబోయే మనిషి వానాకాలంలో వచ్చాడు. నలభై ఆరేళ్ళు. ప్లాంటులో ఫర్నేస్ దగ్గర డ్యూటీ. బీపీని ఏళ్ళ తరబడి పట్టించుకోక రెండు కిడ్నీలూ పోగొట్టుకున్నాడు. బొబ్బిలి దగ్గర పల్లెటూరు వాళ్ళది. క్వార్టర్ సెక్టర్ 7లోనే, నేను పెరిగిన వీధికి రెండు వీధులవతల. నేను తెలుగులో పలకరించగానే ఆయన మొహం విప్పారింది.

"మనోళ్ళేనా అమ్మా? బతికిపోనాను. నాకు హిందీలో డ్యూటీ మాటలొచ్చు గానీ రోగం మాటలు రావు."

మొదటి రోజే డాక్టరుగారు పక్కన నిలబడి అడిగించారు. రోజుకి నీళ్ళెన్ని తాగుతున్నాడు, తిండేమిటి అని. నేను తెలుగులో అడిగాను.

"నీల్లు అర లీటరే అమ్మా. మాత్తర్లేసుకోడానికే."

"మరి తిండేటి?"

"తరవాణన్నమే గదమ్మా, మూడు పూట్లా. ఏటి తిన్నా నోట్లో ఇనప ముక్క నమిలినట్టుంటాది. ఇదొక్కటే సల్లగ దిగుతాది."

"క్యా బోలా?" అన్నారు డాక్టరుగారు.

"చావల్ ఖాతా హై సర్" అన్నాను. అన్నం తింటాడట అని.

ఆ మాట చెప్పడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. పక్కన మరో ఇద్దరు టెక్నీషియన్లున్నారు. ఆ పులిసిన గంజన్నం గురించి వాళ్ళ ముందు హిందీలో విప్పి చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అది ఒక సగం. రెండో సగం ఇంకా అన్యాయం. అందులో నీళ్ళున్నాయన్న ఆలోచనే నాకు రాలేదు. మా వైపు తరవాణి "తింటాం", తాగం. దాన్ని నీళ్ళని ఎవరూ అనరు. నా సిగ్గూ, నా భాషా కలిసి ఆ మనిషిని ముంచేశాయి. అప్పటికి నాకు తెలియదు, అంతే.

డైటీషియన్ హిందీలో అచ్చువేసిన కాగితం ఇచ్చింది. టీ, పాలు, పప్పు, కొబ్బరినీళ్ళు, జ్యూసులు, అన్నిటికీ లెక్కలు. తరవాణి పేరు అందులో ఎందుకుంటుంది? ఆయన కూతురు ఇంటర్ చదువుతోంది, తెలుగుకంటే హిందీ బాగా చదువుతుంది. ఆ పిల్ల చదివి చెప్పినవన్నీ ఆయన అక్షరం పొల్లు పోకుండా పాటించాడు. టీ కూడా మానేశాడు. ప్లాంటు మనిషి టీ మానడమంటే మామూలు సంగతి కాదు. భార్య రోజూ పొద్దున్నే ఒక అర లీటరు బాటిల్ నింపి చేతికిచ్చేది. డయాలసిస్‌కి వచ్చినప్పుడల్లా ఆ బాటిల్ పట్టుకొచ్చి, అడుగున మిగిలిన రెండు వేళ్ళ నీళ్ళు నాకు చూపించేవాడు, పరీక్షలో మార్కులు చూపించినట్టు.

తూకం మాత్రం ప్రతిసారీ నాలుగు కిలోలు, నాలుగున్నర. మధ్యలో ఆదివారం సెలవు కలిసొస్తే ఐదు.

నా నోరు మంచిది కాదని యూనిట్ అంతా ఎరుగుదురు. మొదట మెల్లగా చెప్పాను, తర్వాత గట్టిగా, ఆ తర్వాత వెటకారంగా. ఆయన ప్రతిసారీ ఒట్లు పెట్టుకునేవాడు. కూతురి మీద ఒట్టు, అన్నం మీద ఒట్టు. "తాటిసెట్టు కింద పాలు తాగినా కల్లేనంటారు గదమ్మా, నా బతుకలగైపోనాది" అన్నాడొకసారి. నేను ఒప్పుకోలేదు. భార్యని పిలిచి, "నీ మొగుడు దొంగతనంగా తాగుతున్నాడు, కాపలా కాయి" అని చెప్పాను. ఆవిడ నన్ను అప్పా అని పిలిచేది. మా వైపు అక్కని అప్ప అంటారు. అప్ప చెప్పింది కదా అని నిజంగానే కాపలా కాసింది.

ఒక సోమవారం తూకం ఐదు కిలోలు దాటింది. ఆయనకి అప్పటికే ఆయాసం. ఎనిమిది మంచాల వాళ్ళూ చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటయ్యా, చెరువు తాగీసినావా?"

ఆయన బాటిల్ ఎత్తి చూపించబోయాడు.

"అది నాకు సూపించకు! కొళాయి కింద నోరెట్టి తాగీసి, బాటిల్ మోసుకొస్తే సరిపోద్దా? నీ ఒక్కడి వల్ల తెలుగోళ్ళందరికీ చెడ్డపేరు. నిజం చెప్పు. తాగినావా, లేదా? చెప్తేనే సూది పెడతాను."

అవును, అలాగే అన్నాను. పోనీ ఇప్పుడు కాస్త మెత్తగా రాసుకుందామా అనిపించింది, కానీ అన్నది అదే.

ఆయన చేతిలో బాటిల్‌ని మంచం కింద పెట్టేశాడు.

"తాగీసినానమ్మా."

"ఎంత?"

"మీరెంత రాసుకుంటే అంత."

నేను గెలిచాననుకున్నాను. ఫైల్లో రాశాను, ఎక్కువ నీళ్ళు తాగుతున్నట్టు పేషెంట్ స్వయంగా ఒప్పుకున్నాడు అని. తేదీ వేసి సంతకం పెట్టాను. ఆ రోజు తర్వాత ఆయన మళ్ళీ ఆ బాటిల్ తేలేదు, ఒట్టు కూడా పెట్టలేదు. ఏమన్నా "సరేనమ్మా" అనేవాడు. దారికొచ్చాడని నేను సంబరపడ్డాను.

చలికాలం చివర్లో ఒక మంచి కబురు వచ్చింది. భార్య కిడ్నీ ఆయనకి సరిపోయింది. రాయ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి వాళ్ళు పరీక్షలన్నీ చేసి, మార్పిడి చేయొచ్చన్నారు. ఆ రోజు ఆయన యూనిట్‌లోకి నవ్వుతూ వచ్చాడు. చాలా రోజులకి ఆ నవ్వు చూశాను.

"మా పెళ్లికి జాతకాలు కల్లేదని మా నాయిన వద్దన్నాడమ్మా. ఇప్పుడు సూడండి, కిడ్నీలే కలిసిపోనాయి!"

భార్య సిగ్గుపడి, "ఊరుకోండి, ఏటా మాటలు" అంది. ఆవిడ ఇంట్లో బట్టలు కుట్టేది. ఆపరేషన్ తర్వాత మిషను తొక్కకూడదన్నారని, అప్పటికే ఒప్పుకున్న జాకెట్లన్నీ గబగబా కుట్టేస్తోంది. కూతురి పరీక్షలవగానే ఆపరేషన్ అని వాళ్ళలో వాళ్ళు లెక్క వేసుకున్నారు.

ఆ ఆసుపత్రి వాళ్ళు మా నుంచి ఒక నోట్ అడిగారు. పేషెంట్ చెప్పిన మాట వింటాడా, నియమాలు పాటిస్తాడా అని. అడగడంలో తప్పు లేదు. నీళ్ళు మానుకోలేనివాడు రేపు మార్పిడయ్యాక మందులు సరిగ్గా వేసుకోడు, ఇచ్చిన కిడ్నీ వృథా అవుతుంది, ఇచ్చిన మనిషీ నష్టపోతుంది. డాక్టరుగారు ఆ కాగితం నా ముందు పెట్టి, "మీరే రాయండి మేడమ్, అతని భాష మీకే తెలుసు" అన్నారు.

రాశాను. "నాన్ కంప్లయంట్", అంటే చెప్పిన మాట వినడని. "అడిగితే నిజం దాస్తాడు." ఒప్పుకున్న రోజు పేజీ కూడా జిరాక్స్ తీసి జతపరిచాను. ఆ ఆడమనిషి కిడ్నీని నేను కాపాడుతున్నాననుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, నమ్మితే నమ్మండి.

మూడు నెలలు చూసి తర్వాత ఆలోచిస్తామని అక్కడినుంచి జవాబు వచ్చింది. ఆయన "సరేనమ్మా" అన్నాడు, అంతే. భార్య మాత్రం ఎందుకిలా అయిందని నన్నే వచ్చి అడిగింది. "మీ ఆయన్నే అడుగు" అన్నాను.

మే నెలలో ఒకరోజు మా యూనిట్‌లో నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఆగిపోయింది. అది లేకపోతే డయాలసిస్ నడవదు. మధ్యాహ్నందాకా ఆగాలన్నారు. పేషెంట్లందరూ వరండాలో కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ ఇంటి దగ్గర తినేసే వచ్చేవాడు, ఇంటికెళ్ళే మళ్ళీ తినేవాడు. ఆ రోజు ఆలస్యమయ్యేసరికి భార్య ఇంటికెళ్ళి క్యారియర్ పట్టుకొచ్చింది. ఆయన బెంచీ చివర, గోడ వైపు తిరిగి తింటున్నాడు.

మా యూనిట్‌లో ఊడ్చి తుడిచే దీదీ ఒకావిడ ఉండేది. ఇక్కడి ఛత్తీస్‌గఢీ మనిషి. చీపురు పట్టుకుని అటు వెళ్తూ ఆగిపోయింది.

"కా ఖావత్ హస్ బాబూ? అరే, ఏ తో బాసీ ఆయ్!"

ఏం తింటున్నావు బాబూ, ఇది బాసీయే కదా అని. వాళ్ళకీ అదే అన్నం ఉంది, పేరే వేరు. ఎండాకాలం పొలం పనికెళ్ళేవాళ్ళకి అదే ప్రాణం. ఇప్పుడైతే పట్నంలో ఉన్నవాళ్ళు కూడా బాసీ గిన్నెతో ఫొటోలు దిగి ఫోన్లలో పెట్టుకుంటున్నారు. ఆవిడ తన ఊరి మనిషి దొరికినంత సంబరంగా ఆయన పక్కన గొంతుక్కూర్చుంది. గిన్నెలోకి తొంగి చూసి, తల తిప్పి నన్ను పిలిచింది.

"దీదీ, దేఖ్ తో! ఏమా తో పానీచ్ పానీ హే!"

చూడు, ఇందులో ఉన్నదంతా నీళ్ళే అంది. నవ్వుతూ అంది. ఏదో తప్పు పట్టినట్టు కాదు.

నేను లోపలికెళ్ళి కొలత జాడీ తెచ్చాను. ఆయన చేతిలోంచి గిన్నె తీసుకుని, అన్నం జారకుండా చెయ్యి అడ్డుపెట్టి, నీళ్ళు జాడీలోకి వంచాను. రెండువందల మిల్లీలీటర్ల గీత దాటింది. అప్పటికే సగం తినేశాడు. రోజుకి మూడు పూట్లు, అంటే లీటరు పైనే. దానికి తోడు ఉప్పు. ఆ పులుపు వాసన ముక్కుకి తగలగానే మా వంటింటి తలుపు వెనక కుండ గుర్తొచ్చింది.

"రోజూ ఇదే తింటున్నావా?"

"ఇదే గదమ్మా."

"ఇవి నీళ్ళు కావా?"

ఆయన నిజంగా తెల్లబోయాడు. "ఇది తిండి గదమ్మా? తరవాణిని నీల్లని ఎవులంటారు?" తనే ఏదో తప్పు చేసినవాడిలా, "మొదట్రోజే మీకు సెప్పినాను గదమ్మా. సెప్పినేదా?" అన్నాడు.

భార్య క్యారియర్ మూత పట్టుకునే గోడకి ఆనుకుని ఏడ్చింది. "నాను కూడా అనుమానించినానప్పా. మీరన్నారని బాత్రూం తలుపు కాడ కూకుని కాపలా కాసినాను. కట్టుకున్న మొగుడ్ని దొంగని సూసినట్టు సూసినాను."



ఆ రోజునుంచి తరవాణి ఆపించాను. పొడి అన్నం ముద్దలు మాత్రలు మింగినట్టు మింగేవాడు పాపం. వారం తిరిగేసరికి తూకం రెండు కిలోల్లోకి దిగింది. మళ్ళీ ఎక్కలేదు. ఇన్ని నెలలూ ఆయన ఒక్క చుక్క దొంగతనంగా తాగలేదని అదే తూకం చెప్పింది. ఈ మనిషి ఆడిన అబద్ధం ఒక్కటే, నేను నిలదీసి ఆడించింది. నేను నమ్మింది కూడా అదొక్కటే.

డాక్టరుగారికి చెప్పాను. "అయ్యో, ఇతను ముందే చెప్పాల్సింది" అన్నారాయన. అప్పుడు నేను నోరు విప్పాలి. విప్పలేదు. యూనిట్ అంతా హడలిపోయే నోరు ఆ ఒక్కసారి పెగల్లేదు. రాయ్‌పూర్‌కి కొత్త నోట్ పంపుదామన్నారు. డాక్టరుగారు చెబుతుంటే నేనే టైపు చేశాను. "కౌన్సెలింగ్ తర్వాత పేషెంట్‌లో మార్పు వచ్చింది." మాలో మార్పు వచ్చిందని ఏ కాగితంలోనూ లేదు. తప్పు పేషెంట్‌ది, దిద్దింది మేము, అని చదువుకునేట్టు వెళ్ళింది.

వాళ్ళు వెంటనే పిలిచారు, ఆ మాట చెప్పుకోవాలి. జూన్‌లో మళ్ళీ పరీక్షలు చేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. నెలల తరబడి నీళ్ళ బరువు మోసి మోసి ఆయన గుండె సాగిపోయింది. ఈ గుండెతో మత్తు ఇవ్వలేం, మందులు వాడి చూద్దాం అన్నారు. ఫిబ్రవరిలో చేసిన పరీక్షలో అదే గుండె ఆపరేషన్‌కి పనికొస్తుందని రాసి ఉంది. ఆ కాగితం నేను చూశాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను.

జూలైలో ఒక సోమవారం పొద్దున్న ఆయన మంచం మీద దుప్పటి పరిచి, మెషీన్ సిద్ధం చేసి కూర్చున్నాను. ఏడున్నరకి రావాల్సిన మనిషి తొమ్మిదైనా రాలేదు. కూతురు ఫోన్ చేసింది. పొద్దున్న లేచి, చెప్పులు వేసుకుంటూ, అలాగే ఒరిగిపోయాడట. నాతో ఆ పిల్ల హిందీలోనే చెప్పింది. "పాపా నహీఁ ఆయేంగే ఆంటీ" అంది. నాన్న రారు ఆంటీ, అని.

నెల తిరక్కుండా ఆయన భార్య యూనిట్‌కి వచ్చింది. దుర్గ్‌లో ఏదో ఆఫీసువాళ్ళు ఆసుపత్రి కాగితాలన్నీ తెమ్మన్నారట. ఫైలంతా జిరాక్స్ తీయించి ఇచ్చాను. నా చేతిరాత ఉన్న పేజీలు తీసేద్దామా అని ఒక నిమిషం అనుకున్నాను. తీయలేదు. ఆవిడ ఆ కట్టని సంచిలో పెట్టుకుంటూ, "ఇందులో ఏటి రాసినారో నాకు రాదు. నా కూతురు సదివి సెప్తాదిలెండి" అంది.

నేను కుర్చీ చూపించాను. కూర్చోలేదు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"అప్పా, ఒక మాటడగనా?"

"అడుగమ్మా."

"ఆయన మిమ్మల్ని ఒక్క మాటా అన్నేదప్పా. నాను తిట్టినా ఊరుకున్నేదు. 'పాపం ఆ మేడమ్‌గారు సదువుకున్నోరు, ఆల్లింట్లో తరవాణెట్టుకోరేమో. తెలిస్తే సెప్పరా?' అనీవోడు. పోయిన ముందు రోజు కూడా అదే అన్నాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిజమేనా అప్పా? మీ ఇంట్లో తరవాణి లేదా?"

నా కళ్ళ ముందు సెక్టర్ 7 వంటిల్లు, తలుపు వెనక కుండ, దాని మీద నేను బోర్లించిన పీట. రెండు గిన్నెలు తినేసి సైకిలెక్కుతున్న మా నాన్న.

"లేదమ్మా" అన్నాను.

ఆవిడ నమ్మింది.